నెట్ సెంటర్లో మా బడి ఫోల్డరు

మా బడిలో చెప్పులు విప్పి లోపలికి వెళ్లాల్సిన గది ఒక్కటే ఉండేది. అది కంప్యూటర్ల గది. సరస్వతీదేవి పటం ఉన్న హెడ్మాస్టరు గదిలోకి కూడా అందరం చెప్పులతోనే వెళ్లేవాళ్లం. కంప్యూటర్ల గది ముందు మాత్రం పిల్లలు వరసగా చెప్పులు విడిచి, కాళ్లు గోనెపట్టాకు తుడుచుకుని, గుడిలోకి పోయినట్టు నెమ్మదిగా పోయేవారు. చెప్పులతో వెళ్తే కంప్యూటర్లకు వైరస్ పడుతుందని ఒక పుకారు. దాన్ని పుట్టించింది ఎవరో తెలియదు గానీ, పెంచి పెద్దచేసిన వాళ్లలో నేనూ ఉన్నాను. పైగా సైన్సు మాస్టార్ని. సూక్ష్మజీవుల పాఠం చెప్పి జీతం తీసుకునేవాణ్ని. దుమ్ము పడకపోవడం ఎలాగూ మంచిదే కదా అని సర్దిచెప్పుకునేవాణ్ని.

కోదాడ నుంచి చిలుకూరు వైపు వెళ్లే దారిలో ఒక పల్లెలో మా బడి. ఆ గదికి నేను ఇన్‌ఛార్జి ఎలా అయ్యానంటే, దానికి మిర్యాలగూడ కారణం. రెండు వేల ఒకటిలో, ఉద్యోగం రాకముందు, అక్కడ రైసుమిల్లు పక్కన ఉన్న ఒక ఇన్‌స్టిట్యూట్‌లో కంప్యూటర్ కోర్సు చేశాను. ఊక దుమ్ము కీబోర్డు సందుల్లో చేరి, ఒక అక్షరం నొక్కితే రెండు పడేవి. అంత చదువు అయ్యాక ఒక సర్టిఫికెట్ ఇచ్చారు. అది ఎనిమిదేళ్లు ట్రంకుపెట్టెలో పడుకుని, మా బడికి కంప్యూటర్లు వచ్చాక లేచి కూర్చుంది. కంప్యూటర్లు పెట్టిన ఏజెన్సీ వాళ్లు పంపిన బోధకుడు హైదరాబాద్‌లో పని దొరికి వెళ్లిపోయాడు. హెడ్మాస్టరు గారు నన్ను పిలిచి, "నీకు కంప్యూటర్ వస్తదంట గదనయ్యా. దాచిపెట్టినవ్ ఇన్నొద్దులు," అన్నారు. వచ్చినదాన్ని కాదు, రానిదాన్ని దాచిపెట్టానని చెప్పే ధైర్యం లేకపోయింది. ఆ గదిలో ఇన్వర్టరుకూ ఛార్జి ఉండేది కాదు, నాకూ ఉండేది కాదు. తలుపు మీద మాత్రం ఇన్‌ఛార్జి అని నా పేరు రాశారు.

ఇంటర్నెట్ వచ్చిన కొత్తలోనే మా హెడ్మాస్టరు గారికి నిద్ర పట్టడం మానేసింది. ఎక్కడో ఒక బడిలో పిల్లలు చూడకూడని బొమ్మ చూశారని పేపర్లో జిల్లా పేజీలో వచ్చింది. ఆ బడి హెడ్మాస్టరుకు మెమో ఇచ్చారని కూడా వచ్చింది. ఈయనకు రిటైర్మెంటు దగ్గరపడింది. ఏజెన్సీ ఇంజినీరు నెట్ కనెక్షన్ పెట్టడానికి వచ్చిన రోజు ఈయన కుర్చీ తెచ్చుకుని అతని పక్కనే కూర్చున్నారు.

"సూడు నాయినా, ఆడపిల్లలున్న బడి. ఏది తెరిస్తే ఏమొస్తదో నాకు తెల్వది. చదువుకు పనికొచ్చేటియి నాలుగుంచు, తక్కినయన్నీ బంద్ పెట్టు."

"ఫిల్టర్ పెడతా సార్. మెయిల్ కూడా తీసెయ్యమంటారా?"

"మెయిల్ అంటే?"

"ఉత్తరాలు రాసుకునేది సార్."

"ఎవరికి?"

"ఎవరికైనా రాసుకోవచ్చు."

"ఎవరికైనానా? అయితే ముందుగాల గదే బంద్ పెట్టు."

అలా మా బడిలో ఫిల్టర్ పుట్టింది. దానికి ఒక పాస్‌వర్డు పెట్టి, ఆ ఇంజినీరు సాయంత్రం బస్సుకు వెళ్లిపోయాడు. తరవాత ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఆ నంబరు పనిచెయ్యలేదు. మా బడిలో పాస్ అయ్యే పిల్లలు ఉన్నారు గానీ పాస్‌వర్డు తెలిసిన పెద్దవాడు ఒక్కడూ లేడు. ఆ ఫిల్టర్ ఎంత నిక్కచ్చిగా ఉండేదంటే, పిల్లల వివరాలు నింపమని పైనుంచి వచ్చిన ప్రభుత్వ ఫారాన్ని కూడా తెరవనిచ్చేది కాదు. అందులో ఆడా మగా అని అడిగే గడి మీద ఇంగ్లీషులో సెక్స్ అని ఉందట.

పదో తరగతి పిల్లలకు ఈ సంగతి చెప్పడానికి ఒకరోజు ఛాయ్ జల్లెడ పట్టుకుని గదిలో నిలబడ్డాను. ఛాయ్ కిందికి పోతుంది, ఆకు పైన ఆగుతుంది, ఫిల్టర్ అంటే అంతే అన్నాను. రెండో వరసలో కూర్చునే ఒక పిల్ల చెయ్యెత్తింది. గొర్రెలు కాసుకునే వాళ్లింటి పిల్ల. వాళ్ల నాయన ఏడాదిలో సగం రోజులు మందతోనే తిరిగేవాడు. వాళ్లింట్లో పదో తరగతి దాకా వచ్చిన మొదటి మనిషి ఆమె. అడగాల్సింది అడిగేదాకా చెయ్యి దించేది కాదు.

"సార్, బయటికెల్లి లోపటికొచ్చేది ఆపుతది. లోపట్నుంచి బయటికి పోయేది ఆపదా?"

"మనకాడ బయటికి పోవడానికి ఏమున్నదమ్మా? మీ మార్కులు తప్ప," అన్నాను.

పిల్లలంతా నవ్వారు. ఆమె కూడా నవ్వి కూర్చుంది. హాస్యం బాగా పండిందని ఆరోజంతా నాకు లోపల సంతోషంగానే ఉంది.

మెయిల్ బంద్ అయింది గానీ, మెయిల్ అడిగేవాళ్లు బంద్ కాలేదు. మధ్యాహ్నం పన్నెండింటికి పైనుంచి ఫోన్ వచ్చేది. ఫలానా వివరాలు సాయంత్రంలోపు మెయిల్ పెట్టాలి, అర్జెంటు. మా బడి కంప్యూటర్లు మడిగట్టుకుని కూర్చున్నాయి కనుక, మాకు దిక్కు కోదాడలో బస్టాండ్ దగ్గరి నెట్ సెంటరు. మాలో చాలామంది కోదాడ మీదుగానే వచ్చిపోయేవాళ్లం. ఆ పూట ఎవరికి వీలైతే వాళ్లు పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని అక్కడ దిగేవాళ్లం. మేమే కాదు, చుట్టుపక్కల బళ్లన్నీ అంతే. ఆ సెంటరాయన మంచివాడు, మర్యాదస్తుడు. వాకిలి పక్క కంప్యూటర్ మీద ఒక్కో బడికి ఒక్కో ఫోల్డరు పెట్టాడు. కిరాణా కొట్టులో ఇంటింటికీ ఖాతా ఉన్నట్టు, అక్కడ ఊరూరి బడికీ ఫోల్డరు ఉండేది. పిల్లల పేర్లు, తండ్రుల పేర్లు, పుట్టిన తేదీలు, కులం, ఫొటోలు అన్నీ అందులోనే.

"పెన్‌డ్రైవ్ ఇచ్చేసి వెళ్లండి సార్, నేను పంపించేస్తా గదా. కరెంటు పోయిందంటే మీకు బస్సు కూడా పోద్ది," అనేవాడు ఆయన.

ఆ మాటకు మాకు ప్రాణం లేచివచ్చేది. ఇచ్చేసి వెళ్లేవాళ్లం.

ఆ ఏడాది సూర్యాపేటలో సైన్సు ఫెయిర్ పెట్టారు. గొర్రెల కాపరి బిడ్డ మూడు కుండలతో నీళ్ల వడపోత చేసింది. ఒక కుండలో గులకరాళ్లు, ఒకదాంట్లో బొగ్గు, ఒకదాంట్లో ఇసుక. మందతోపాటు వెళ్లినప్పుడు వాళ్లు కాలువ నీళ్లే తాగుతారు. ఆ నీళ్లు తాగి వాళ్ల నాయనకు తరచూ కడుపునొప్పి వచ్చేదట. పుస్తకంలో ఉన్న బొమ్మను చూసి ఇంట్లో ఉన్న కుండలతో కట్టింది. నేను గైడు టీచర్ని కనుక ఆ కుండలను బస్సులో ఒళ్లో పెట్టుకుని సూర్యాపేట దాకా మోశాను. గైడు చేసిన పని అదొక్కటే.

అక్కడ ఆమె కాలువ నీళ్లు పై కుండలో పోసి, కింద పడ్డ తేట నీళ్లను గ్లాసులో పట్టి, చూడవచ్చిన ఒక పెద్దాయనకు ఇచ్చింది. ఆయన వెనకాడాడు. "కాంచి చల్లార్చి తాగాలె సార్, ఇది మట్టినే ఆపుతది, రోగాన్ని ఆపదు," అని తనే గ్లాసు వెనక్కి తీసుకుంది. బహుమతి వచ్చింది. మూడు కుండల పక్కన, రెండు జడలతో, చేతిలో షీల్డుతో నిలబెట్టి బడి కెమెరాతో ఫొటో తీశాం. ఆ ఫొటోలో ఆమె పళ్లు కనిపించేలా నవ్వింది. ఇంట్లో చూపించడానికి కాపీ కావాలని అడిగింది. రేపు మాపు అంటూ కాలం గడిచింది. కాపీ మాత్రం మెయిల్‌లో అడిగిన వాళ్లందరికీ అందింది. సైన్సు ఫెయిర్ రిపోర్టుకు అదే ఫొటో వెళ్లింది. పదో తరగతి పరీక్ష దరఖాస్తుకు ఫొటో కావాలంటే సెంటరాయన అందులోంచే ముఖం కత్తిరించి పెట్టాడు. అన్నీ కోదాడ ఫోల్డరులోంచే.

సంక్రాంతి సెలవుల తరవాత బడి తెరిస్తే రెండో వరసలో ఆ పిల్ల లేదు. మందతో పోయిందేమో అనుకున్నాను. ఆ రోజుల్లో వాళ్ల నాయన వాడపల్లి వైపు, కోతలైపోయిన మళ్లలో మంద పెట్టడానికి వెళ్లి ఉన్నాడు. ఎన్ని రోజులైనా రాకపోయేసరికి, పక్కన కూర్చునే పిల్లను అడిగాను. ఆమె అటూ ఇటూ చూసి, "సార్, దాని ఫొటో కోదాడల కంప్యూటర్ మీద ఉన్నదంట. వాళ్ల మేనమామ సూసిండంట. ఊర్ల పోరగాళ్ల సెల్లులల్ల గుడ ఉన్నదంట. ఇంట్ల బడి బంద్ పెట్టిచ్చిన్రు," అంది. అని, నేనేదో అంటానేమోనన్నట్టు తల దించుకుంది.

ఆ సాయంత్రం కోదాడలో దిగి నేరుగా నెట్ సెంటరుకు వెళ్లాను. వాకిలి పక్క కంప్యూటర్ ఖాళీగా ఉంది. తెర మీద ఆమె ఉంది. మూడు కుండలు, రెండు జడలు, షీల్డు. ఆమె భుజం మీద చెత్తబుట్ట గుర్తు. ఒక కుండ మీద మా బడి ఫోల్డరు. అందులో తప్పుపట్టాల్సిన బొమ్మ ఏమీ లేదు. ఎవరూ దాన్ని మార్చలేదు, పాడుచెయ్యలేదు. బస్టాండ్‌లో దిగిన ప్రతివాడూ వచ్చి కూర్చునే చోట, నవ్వుతున్న ఒక ఆడపిల్ల ముఖం ఉంది. అంతే. మాట పుట్టడానికి అంతకన్నా ఇంకేం కావాలి.

"ఇదెవరు పెట్టారండీ?" అని అడిగాను.

"ఏది సార్?" ఆయన తొంగి చూశాడు. "అదా. మా దగ్గర పనిచేసేవాళ్లో, ఎవరైనా కస్టమరో పెట్టుంటారు. బాగుంది గదా సార్ ఫొటో, మన కుండల ఫొటో. అంతకుముందు నెమలి ఉండేది."

నా ముఖం చూసి ఆయనకు ఏదో అర్థమైంది. గబగబా మౌస్ కదిపాడు. "తీసేశాను సార్, చూడండి. నెమలొచ్చింది."

"ఫోల్డరు?"

"అదీ తీసేస్తా. ఇదిగో. అయిపోయింది సార్."

"ఇంకెక్కడైనా ఉందా?"

"ఎవరన్నా పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుపోతే నాకెలా తెలుస్తది సార్?" అన్నాడు. ఆ మాటలో దబాయింపు లేదు. నిజంగానే తెలియదు ఆయనకు. మాకూ తెలియదు. నెట్ అంటే వల అని పిల్లలకు అర్థం చెప్పినవాణ్ని. వలలో దారం కంటే సందులే ఎక్కువని ఆ రోజు ఆ నెమలి ముందు కూర్చున్నాక తోచింది.

ఊళ్లో మాట వేరేగా నడుస్తోంది. పిల్ల ఇవ్వకపోతే ఫొటో ఎట్ల వస్తది అని. ఎవరికిచ్చింది అని. ఆ "ఎవరికి" అన్నదానికి ఊరు రోజుకొక పేరు పెడుతోంది. మర్నాడు హెడ్మాస్టరు గారితో చెప్పాను, వాళ్లింటికి వెళ్లి అది మనం ఇచ్చిన ఫొటో అని చెబుదామని.

"నేనే పంపిన అని చెప్పాల్నా? పేపరోళ్లకు తెలిస్తే?" అన్నారు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.  సాయంత్రం బడి వదిలాక నేను ఒకరి బండి అడిగి తీస్తుంటే వచ్చి వెనక కూర్చున్నారు. "పోనియ్యి," అన్నారు.

వాళ్ల నాయన మందను ఎవరికో అప్పగించి వచ్చి ఉన్నాడు. వాకిట్లో నులకమంచం వాల్చాడు.

"గీడ కూసోండ్రి సారూ. ఎండల వడి వచ్చిన్రు."

హెడ్మాస్టరు గారు కూర్చోలేదు. నిలబడే చెప్పారు. "నీ బిడ్డ ఎవ్వరికీ ఇయ్యలేదు. ఫొటో మేమే తీసినం. మేమే కోదాడ పంపినం. తప్పు మా బడిది. నీ బిడ్డ మీద ఎవడన్న మాటంటే నా తానికి తీసుకరా."

వాళ్ల నాయన మంచాన్ని ఇంకాస్త నీడలోకి జరిపాడు. "నా బిడ్డ సంగతి నాకెరుకే సారూ. మీరు చెప్పకున్నా ఎరుకే. ఊరికి ఎరుక కావాలె గద. ఇంటింటికీ వొయి చెప్పొస్తరా?"

"చెప్తం," అన్నాను నేను.

ఆయన నవ్వాడు. కోపం లేని నవ్వు. "మీరు సదువుకున్నోళ్లు సారూ. మీరు చెప్పిన కొద్దీ, సూడనోళ్లు గుడ అడిగి సూస్తరు."

 పరీక్షలన్నా రాయనివ్వమని బతిమాలాం. పదో తరగతి పాసయితే రేపు ఏదో ఒక దారి ఉంటుందని, నెల రోజులు ఇంట్లోనే చదువుకున్నా చాలని. సూద్దాం తియ్యి అన్నాడు. వాళ్లమ్మ మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. నీళ్లు తేటగా ఉన్నాయి.

మేం లేస్తుంటే తలుపు వెనక నుంచి ఆ పిల్ల గొంతు వినిపించింది. "సార్, కుండలల్ల ఇసుక తీసి కడిగి ఎండవొయ్యున్రి. అట్లనే ఉంటే వాసనొస్తది."

"నువ్వొచ్చి చేద్దువు గానీ," అన్నాను. 

తరవాత వారం కంప్యూటర్ల గదికి రెండో తాళం పడింది. పైనుంచి ఎవరూ చెప్పలేదు. హెడ్మాస్టరు గారే కొనుక్కొచ్చి వేశారు. నేను కాదనలేదు. లోపలి కంప్యూటర్లలో ఆ ఫొటో ఎప్పుడూ లేదని, కెమెరా కార్డు నేరుగా కోదాడకే పోయిందని ఇద్దరికీ తెలుసు. ఏదో ఒకదానికి తాళం వెయ్యకపోతే ఆయనకు ఊపిరి ఆడేలా లేదు.

మార్చిలో హాల్ టికెట్లు వచ్చాయి. ఆమెది నేనే తీసుకుని వెళ్లాను. వాళ్ల నాయన దాన్ని రెండు చేతులతో పట్టుకుని చూశాడు. ముఖం పక్కన, మూలగా, కత్తిరించగా మిగిలిన ఒక కుండ అంచు కనిపిస్తోంది.

"గీ ఫొటోనే గద సారూ."

"అదే."

"దీన్ని ఎంతమంది సూస్తరు?"

"పరీక్ష గదిలో ఉండే సారు చూస్తారు. స్క్వాడ్ వాళ్లు వస్తే వాళ్లూ చూస్తారు."

"అంటే మల్ల సూస్తరు."

 ఆయన కాగితం నా చేతికే ఇచ్చాడు. "మీకాడనే ఉండనియ్యి. ఇంట్ల ఉంటే దీని మామ చింపేస్తడు. ఆ పొద్దుటికి మనసు నిమ్మలపడితే నేనే తోల్కొస్త. గేటు కాడ మీరుంటరు గద?"

ఉంటానన్నాను. తిరిగివస్తుంటే తేలిగ్గా అనిపించింది. తోల్కొస్త అన్నాడు కదా అని ఆ మాటనే తిప్పితిప్పి తలుచుకున్నాను. ముందున్న మాటను, "నిమ్మలపడితే" అన్నదాన్ని, నా మనసే ఫిల్టర్ చేసి పక్కన పెట్టింది.

మొదటి రోజు తెలుగు పరీక్ష. కోదాడలో సెంటరు. గేటు పక్కన వేపచెట్టు నీడలో నిలబడ్డాను. చొక్కా జేబులో హాల్ టికెట్. మా పిల్లలు ఒక్కొక్కరే వచ్చి, అట్టలు పట్టుకుని, ఆల్ ది బెస్ట్ చెప్పించుకుని లోపలికి పోయారు. పక్కన కూర్చునే పిల్ల వచ్చినప్పుడు నన్ను చూసింది, నా వెనక చూసింది, లోపలికి వెళ్లింది. చిలుకూరు వైపు నుంచి వచ్చే ఆటోలన్నీ చూశాను. తలకు తువ్వాలు చుట్టుకున్న మనిషి ఎవరు దిగినా ఒక అడుగు ముందుకు వేశాను. గంట కొట్టారు. ఆలస్యంగా వచ్చేవాళ్లకు ఇంకాస్త సమయం ఇస్తారు కదా అని నిలబడ్డాను. ఆ సమయం కూడా అయిపోయింది. కానిస్టేబులు గేటు వేస్తూ, "ఎవరికోసం సార్?" అన్నాడు.

"మా పిల్ల ఒకామె," అన్నాను.

"బస్సు తప్పిపోయిందేమో సార్. రేపన్నా జల్ది రమ్మనున్రి."

మర్నాడు కూడా నిలబడ్డాను. మూడో పరీక్ష నాడు, పక్కన కూర్చునే పిల్ల పరీక్ష అయ్యాక బయటికి వచ్చి నా దగ్గర ఆగింది. "సార్, అది లేదు. తుంగతుర్తి దిక్కు వాళ్ల మేనత్త ఊరికి తోలిచ్చిన్రు. గాడ గొర్రెలు కాస్తదంట." రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, "మీరు ఎండల నిలవడకున్రి సార్," అంది.

ఆ మధ్యాహ్నం బడికి వెళ్లాను. పరీక్షల రోజులు కనుక ఒంటిపూట, ఎవరూ లేరు. సైన్సు గది మూలలో మూడు కుండలు అలాగే ఉన్నాయి. ఆమె చెప్పినట్టే అయింది. ఇసుక కుండలోంచి పాచి వాసన వస్తోంది. జనవరిలో చెప్పిన పని. ఆమే వచ్చి చేసుకుంటుందని నేను దాన్ని ముట్టుకోలేదు.

కుండను బోరింగు దగ్గరికి మోసుకుపోయి ఇసుకను బక్కెట్లో పోసి కడిగాను. మూడు నాలుగు సార్లు నీళ్లు మార్చాక బురద తగ్గింది. ఎక్కడ ఎండబెట్టాలా అని చూశాను. మైదానంలో గాలికి పోతుంది. వరండాలో ఎండ పడే చోటు ఒక్కటే, కంప్యూటర్ల గది ముందు. రెండు తాళాలు వేలాడుతున్నాయి. పిల్లలు చెప్పులు విడిచే చోటు ఎన్నాళ్లుగానో ఖాళీగా ఉంది. ఇసుక అక్కడ ఆరబోశాను.